ఓవర్‌హాల్ చేసిన పాత కారు ఇంజిన్‌కు టైమింగ్: బల్బా, స్ట్రోబ్ లైటా, వాక్యూమ్ గేజా, చెవా?

అంబాసిడర్ గానీ ప్రీమియర్ పద్మిని గానీ ఇంజిన్ మొత్తం విప్పించి, బోరు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ బేరింగులూ వేయించి మళ్లీ బిగించిన తరువాత, తాళం తిప్పే ముందు తేల్చుకోవలసిన చివరి విషయం ఇగ్నిషన్ టైమింగ్, అంటే సిలిండర్‌లో స్పార్క్ ఏ క్షణాన పడాలన్నది. దీన్ని పెట్టడానికి హైదరాబాదులో నలుగురు మెకానిక్కులను అడిగితే నాలుగు పద్ధతులు చెబుతారు. ఒకరు బల్బు కట్టి పెడతారు, ఒకరు స్ట్రోబ్ లైటు తెస్తారు, మరొకరు వాక్యూమ్ గేజ్ ముల్లును చూస్తారు, పాత ఉస్తాద్ ఒకాయన మాత్రం "అన్నా, మీటరెందుకు, చెవి చాలు" అంటారు. నలుగురూ అబద్ధం చెప్పడం లేదు. అయితే రోజూ తిరిగే ఇంజిన్‌కు సరిపోయే పద్ధతి, ఇప్పుడే బిగించి ఇంకా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయని ఇంజిన్‌కు సరిపోకపోవచ్చు. ఆ తేడాను దృష్టిలో పెట్టుకునే ఈ పోలిక రాస్తున్నాను.

ముందుగా ఏ విషయాలు చూడాలి

సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండడానికి కొంత సమయం పడుతుంది కనుక, పిస్టన్ పైకొనకు, అంటే టీడీసీకి, చేరకముందే స్పార్క్ పడాలి. ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనులో వెయ్యో వంతు కాలంలో క్రాంక్ 3.6 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్ల వేగంలో అదే కాలానికి 18 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ మరింత ముందుకు జరగాలి, దీన్నే అడ్వాన్స్ అంటారు. ఆ పనిని ప్లగ్గులకు వరుసగా స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులూ స్ప్రింగులూ చేస్తాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కాలం బండ్లలో ఈ పనికి స్టీరింగ్ దగ్గర ఒక లివర్ ఉండేది, డ్రైవరే చేత్తో ముందుకు వెనక్కు జరుపుకునేవాడు. మన అంబాసిడర్ నాటికి ఆ బాధ్యత డ్రైవర్ చేతి నుంచి రెండు చిన్న స్ప్రింగుల మీదికి వచ్చింది, యాభై ఏళ్ల తరువాత ఆ స్ప్రింగులు ఎలా ఉన్నాయన్నదే అసలు చిక్కు.

కాబట్టి ఏ పద్ధతినైనా ఈ ప్రశ్నలతో తూచాలి. ఇంజిన్ స్టార్ట్ కాకముందే ఆ పద్ధతితో టైమింగ్ పెట్టగలమా? క్రాంక్ ముందు కొసన ఉండే పుల్లీ మీది గుర్తు తప్పయితే ఫలితమూ తప్పుతుందా? వేగం పెరిగినప్పుడు అడ్వాన్స్ సరిగ్గా వస్తోందో లేదో చూపుతుందా? ఇప్పటి పెట్రోలుకూ, మన ఎండకూ, ఓవర్‌హాల్ తరువాత మారిన కంప్రెషన్‌కూ సరిపోయే విలువను ఇస్తుందా? కొత్త రింగులు కుదురుకునే రోజుల్లో, అంటే రన్నింగ్-ఇన్‌లో, ఇంజిన్ మీద అనవసరపు భారం వేయకుండా ఆ పని చేయవచ్చా?

మొదటి ప్రశ్న అన్నిటికంటే బరువైనది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ వంటి పుష్‌రాడ్ ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్, ట్యాపెట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ పనిచేస్తాయి. అవి కొత్తవైతే బిగించేటప్పుడు వాటికి పూసిన కందెన తుడుచుకుపోకముందే ఇంజిన్ అందుకోవాలి, అందుకున్నాక కొంతసేపు ఐడ్లింగ్ కంటే ఎక్కువ వేగంలో తిరగాలి. టైమింగ్ ఎక్కడో ఉండి సెల్ఫ్ కొడుతూ, ఆగుతూ, డిస్ట్రిబ్యూటర్‌ను అటూ ఇటూ తిప్పుతూ పావుగంట గడిపితే, ఇంకా మీటరు కదలకముందే కొత్త క్యామ్ అరగడం మొదలవుతుంది.

ఏ పద్ధతికైనా ముందు చేయవలసిన రెండు పనులు

మొదటిది పాయింట్ల గ్యాప్. పాయింట్లంటే తెరుచుకున్నప్పుడల్లా స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్ వంటివి. పాత మెకానిక్కులు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటర్‌లో గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, స్పార్క్ ముందుకు జరుగుతుంది. గ్యాప్ తగ్గితే స్పార్క్ వెనక్కు పోతుంది. కనుక టైమింగ్ పెట్టిన తరువాత గ్యాప్‌ను ముట్టుకుంటే చేసిన పని వృథా అవుతుంది. అంబాసిడర్‌లో వాడిన లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల గ్యాప్ మామూలు, పద్మినికి దాని మాన్యువల్ చెప్పినదే ప్రమాణం. పాయింట్ల ముఖం మీద గుంటలు పడి ఉంటే ఫీలర్ గేజ్ నిజం చెప్పదు, కొత్త పాయింట్లు వేసి మొదలుపెట్టడం మేలు.

రెండవది టీడీసీ గుర్తు. ఈ విషయంలో తొందరపడవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. పుల్లీ మార్చి ఉండవచ్చు, ముందు కవర్ వేరే ఇంజిన్‌ది వేసి ఉండవచ్చు, రబ్బరు పొర ఉన్న పుల్లీ అయితే బయటి చక్రం ఏళ్లతరబడి జారి ఉండవచ్చు. గుర్తు 8 డిగ్రీలు తప్పుగా ఉంటే ఎంత ఖరీదైన స్ట్రోబ్ లైటు తెచ్చినా అది ఆ 8 డిగ్రీల తప్పునే వెలుగులో చూపుతుంది. ఓవర్‌హాల్ సమయంలో హెడ్ విప్పి ఉంటుంది కనుక దీన్ని సరిచూసుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. మొదటి పిస్టన్ మీద డయల్ గేజ్ నిలిపి, పిస్టన్ పైకి వస్తూ పైకొనకు కొద్దిగా కింద ఒక నిర్ణీత ఎత్తుకు చేరినప్పుడు పుల్లీ మీద ఒక గీత గీయాలి. తరువాత పైకొన దాటి మళ్లీ అదే ఎత్తుకు దిగినప్పుడు ఇంకో గీత గీయాలి. రెండు గీతల సరిగ్గా నడుమ టీడీసీ ఉంటుంది. పిస్టన్ పైకొన దగ్గర కొన్ని డిగ్రీల మేర దాదాపు కదలకుండా నిలుస్తుంది కాబట్టి, కేవలం గరిష్ఠ ఎత్తు చూసి గుర్తు పెడితే పొరపాటు వస్తుంది.

హెడ్ బిగించేసి ఉంటే పాత ప్లగ్ పింగాణీ తీసేసి దానిలో బోల్టు బిగించి తయారు చేసుకున్న అడ్డును మొదటి సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పెట్టి, మిగిలిన ప్లగ్గులన్నీ విప్పి, ఇంజిన్‌ను చేత్తో మాత్రమే మెల్లగా రెండు దిశల్లోనూ తిప్పి ఇదే విధంగా నడిమి గుర్తు పట్టవచ్చు. ఆ అడ్డు తీయకముందు సెల్ఫ్ కొడితే పిస్టన్ దెబ్బతింటుంది, కనుక బ్యాటరీ వైరు ముందే తీసేయండి.

టీడీసీ దొరికితే డిగ్రీల గుర్తులు మనమే పెట్టుకోవచ్చు. పుల్లీ చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. వ్యాసం 150 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత 471, అంటే 10 డిగ్రీలకు సుమారు 13 మిల్లీమీటర్లు. ఇంజిన్ తిరిగే దిశలో టీడీసీ గుర్తు కంటే ముందుగా ముల్లును దాటే వైపు కొలిచి, 5, 10, 30 డిగ్రీల దగ్గర సన్నటి తెల్ల గీతలు గీసి ఉంచుకోండి. 30 డిగ్రీల గీత ఎందుకో స్ట్రోబ్ దగ్గర తెలుస్తుంది.

నాలుగు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | స్టార్ట్ కాకముందు పనికొస్తుందా | పుల్లీ గుర్తు అవసరమా | వేగంలో అడ్వాన్స్ చూపుతుందా | రన్నింగ్-ఇన్ రోజుల్లో |
|---|---|---|---|---|
| బల్బుతో స్టాటిక్ | పనికొస్తుంది | అవసరం | చూపదు | ఇబ్బంది లేదు |
| స్ట్రోబ్ లైటు | పనికిరాదు | తప్పనిసరి | చూపుతుంది | ఇబ్బంది లేదు |
| వాక్యూమ్ గేజ్ | పనికిరాదు | అక్కర్లేదు | చూపదు | కొలత నిలకడగా ఉండదు |
| చెవి, రోడ్డు పరీక్ష | పనికిరాదు | అక్కర్లేదు | పరోక్షంగా | చేయకూడదు |

బల్బుతో స్టాటిక్ టైమింగ్

దీనికి 12 వోల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు ఉంటే చాలు. ముందు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో ఇంజిన్‌ను హ్యాండిల్‌తోనో పుల్లీ నట్టు మీద స్పానర్‌తోనో తిప్పుతూ, మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా గుర్తు మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గరికి తేవాలి. కంప్రెషన్‌లో ఉందో లేదో ప్లగ్ రంధ్రం మీద వేలు పెడితే తెలుస్తుంది, గాలి వేలిని తోస్తుంది. గుర్తు దాటిపోతే కొంచెం వెనక్కు తిప్పి సరిపెట్టకండి. టైమింగ్ చైన్‌లోనూ డిస్ట్రిబ్యూటర్ గేర్లలోనూ ఉండే వదులు వల్ల కొలత తప్పుతుంది, కనుక బాగా వెనక్కు తీసుకెళ్లి మళ్లీ ముందుకు తేవాలి.

బల్బు ఒక కొసను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరు టెర్మినల్‌కూ, రెండవ కొసను బాడీకీ కలిపి తాళం ఆన్ చేయాలి. పాయింట్లు మూసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, తెరుచుకున్న క్షణాన వెలుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే దిశలో కొంచెం తిప్పి బల్బు ఆర్పి, రోటర్‌ను దాని దిశకు ఎదురుగా వేలితో మెల్లగా ఒత్తి పట్టుకుని, బాడీని ఎదురు దిశలో నెమ్మదిగా తెస్తూ బల్బు వెలిగీ వెలగగానే క్లాంప్ బిగించాలి. ఆపై ఇంజిన్‌ను దాదాపు రెండు పూర్తి చుట్లు తిప్పి, బల్బు మళ్లీ అదే గుర్తు దగ్గర వెలిగిందా అని సరిచూడటం ఎప్పుడూ మరువకూడదు. పాయింట్లు మూసి ఉండగా తాళం ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది కనుక మధ్యమధ్య ఆపుతుండండి.

పాయింట్ల మధ్య పలుచని సిగరెట్ కాగితం పెట్టి, అది జారి వచ్చే క్షణాన్ని పట్టుకునే పాత అలవాటు కూడా ఇదే పద్ధతికి ఇంకో రూపం. బల్బు చేతికి అందని చోట అది అక్కరకు వస్తుంది గానీ, కాగితపు పీచు పాయింట్ల మధ్య మిగలకుండా చూసుకోవాలి.

డిస్ట్రిబ్యూటర్ బుష్ అరిగి షాఫ్ట్ ఊగుతున్నా, స్ప్రింగులు సాగిపోయినా స్టాటిక్ పద్ధతి ఏమీ చెప్పదు. నిలిచి ఉన్న ఇంజిన్‌లో ఒకే ఒక్క క్షణాన్ని అది చూపుతుంది. అయినా మొదటి స్టార్ట్‌కు ఇంతకు మించిన ఆధారం లేదు. గుర్తు సరైనదై, 1-3-4-2 వరుసలో ప్లగ్ వైర్లు సరిగ్గా పెట్టి ఉంటే ఇంజిన్ వెంటనే అందుకుంటుంది.

స్ట్రోబ్ లైటు

మొదటి ప్లగ్ వైరుకు క్లిప్ తగిలిస్తే, ఆ ప్లగ్‌లో స్పార్క్ పడిన ప్రతిసారీ లైటు మెరుస్తుంది. తిరుగుతున్న పుల్లీ నిలిచిపోయినట్టు కనబడి గుర్తు ఎక్కడుందో చదువుకోవచ్చు. కొలిచేముందు వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని డిస్ట్రిబ్యూటర్ వైపు తీసి, కార్బ్యురేటర్ వైపు కొసను మూసివేయాలి. మన ఎండలో గుర్తు కనిపించదు కాబట్టి ఈ పనికి దీపాలు పెట్టే వేళ మంచిది. ఒక హెచ్చరిక: ఈ వెలుగులో ఫ్యాన్ కూడా ఆగిపోయినట్టే కనిపిస్తుంది, కానీ అది తిరుగుతూనే ఉంటుంది. లుంగీ కొస, కండువా, చేతి గొలుసు ఏదీ ఆ దగ్గరికి రానీయకండి.

చాలామంది స్ట్రోబ్‌ను ఐడ్లింగ్ దగ్గర చూసి పక్కన పెట్టేస్తారు. దాని అసలు విలువ ఆ తరువాతే మొదలవుతుంది. వేగాన్ని 1000, 1500, 2000, 3000 చుట్లకు పెంచుతూ గుర్తు ఎలా జరుగుతోందో చూడండి. అది మెత్తగా, క్రమంగా ముందుకు సాగి ఒక చోట ఆగిపోవాలి. ఈ తరహా ఇంజిన్లలో ఆ మొత్తం సాధారణంగా 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, అందుకే ఆ గీత ముందే గీయమన్నాను. గుర్తు నిలకడ లేకుండా వణికితే డిస్ట్రిబ్యూటర్ బుష్‌నో చైన్‌నో అనుమానించాలి.

నా అంబాసిడర్‌కు ఓవర్‌హాల్ చేసిన వర్క్‌షాపులో చెవితో టైమింగ్ పెట్టి ఇచ్చారు. ఐడ్లింగ్ ఎంతో హాయిగా ఉండేది. కానీ ఏప్రిల్ మధ్యాహ్నాల్లో బంజారా హిల్స్ ఎత్తు ఎక్కుతూ మూడో గేరులో పెడల్ నొక్కితే, గాజు గోళీలు డబ్బాలో వేసి కదిపినట్టు చప్పుడు, అదే నాకింగ్, వచ్చేది. టైమింగ్ తగ్గిస్తే చప్పుడు పోయేది గానీ పికప్ కూడా పోయేది. స్ట్రోబ్‌తో చూస్తే ఐడ్లింగ్‌లో 6 డిగ్రీలు, అంటే ఏ తప్పూ లేదు. 1500 చుట్ల దగ్గరే అది 26 డిగ్రీలకు చేరిపోతోంది. డిస్ట్రిబ్యూటర్ విప్పితే రెండు స్ప్రింగుల్లో ఒకటి వేరే బండిది, చేత్తో లాగితే సాగేంత మెత్తనిది. బల్బు గానీ, గేజ్ గానీ, ఎంత అనుభవమున్న చెవి గానీ ఆ తప్పును ఇక్కడ ఉంది అని వేలు పెట్టి చూపలేవు. రాణిగంజ్‌లో విడి భాగాలు వెతికి సరైన జత వేసిన తరువాత అదే ఎత్తును అదే 6 డిగ్రీలతో నిశ్శబ్దంగా ఎక్కింది. అందుకే పాత డిస్ట్రిబ్యూటర్‌నే తిరిగి వాడుతున్న ప్రతి ఒక్కరికీ స్ట్రోబ్ కావాలని గట్టిగా చెబుతాను. సొంతంగా కొనలేకపోతే ఒక సాయంత్రానికి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చాలు.

వాక్యూమ్ గేజ్

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు గేజ్ తగిలించి, ఐడ్లింగ్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పుతూ ముల్లు అత్యధికంగా చూపిన చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఒక అంగుళం పాదరసం మేర తగ్గేదాకా వెనక్కు తేవడం ఈ పద్ధతి. పుల్లీ మీద గుర్తులే లేని బండికి ఇది దారి చూపుతుంది. పైగా వాల్వు సరిగ్గా మూసుకోకపోతే ముల్లు లయగా కిందికి కొట్టుకోవడం ద్వారా ఆ సంగతి కూడా చెబుతుంది.

పుస్తకాల్లో ఆరోగ్యమైన ఇంజిన్‌కు రాసే 17 నుంచి 21 అంగుళాల లెక్క సముద్రమట్టానికి చెందినది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు తక్కువ చూపడం సహజం. ఆ లోటును పూడ్చాలని టైమింగ్‌ను ముందుకు జరపడం పొరపాటు. అసలు ఐడ్లింగ్‌కు నచ్చే టైమింగ్, భారం మోసేటప్పుడు ఇంజిన్ భరించగల టైమింగ్ కంటే ఎక్కువగా ఉంటుంది. ఈ పద్ధతి సహజంగానే అటువైపు లాగుతుంది. కొత్త రింగులు ఇంకా కుదురుకోని ఇంజిన్‌లో కొలత కూడా రోజురోజుకూ మారుతుంది. అందుచేత ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్‌కు దీన్ని టైమింగ్ సాధనంగా కాక, ఇంజిన్ నాడి చూసే సాధనంగానే సూచిస్తాను.

చెవి, రోడ్డు పరీక్ష

టాప్ గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర పెడల్ పూర్తిగా నొక్కితే చిన్నగా నాకింగ్ వినబడి వెంటనే మాయమవ్వాలని, ఆపై కొంచెం వెనక్కు తేవాలని పాతకాలపు సూత్రం. దీనిలో ఒక గట్టి నిజం ఉంది. మాన్యువల్‌లోని అంకె ఆనాటి పెట్రోలుకూ, కొత్త ఇంజిన్ కంప్రెషన్‌కూ రాసినది. ఈనాటి మామూలు పెట్రోలు వేరు, దానిలో ఇథనాల్ కలుస్తోంది, సీసం లేదు. ఓవర్‌హాల్‌లో హెడ్‌ను అర మిల్లీమీటరు గీయిస్తే 7.2 కంప్రెషన్ ఉన్న ఇంజిన్ 7.4కు దగ్గరవుతుంది. మే నెల ఎండలో లోపలికి వెళ్లే గాలి వేడి అదనం. ఈ మార్పులన్నిటి మొత్తం ఫలితాన్ని రోడ్డు మీది ఎత్తు ఒక్కటే నిజంగా పరీక్షిస్తుంది.

అయితే పరీక్ష అంటేనే ఇంజిన్‌ను నాకింగ్ దాకా తీసుకెళ్లడం. బోరు చేయించిన మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అలా చేయడం రింగులకూ బేరింగులకూ హాని. పైగా ఎక్కువ వేగంలో వచ్చే నాకింగ్ గాలి చప్పుడులోనూ టైర్ల చప్పుడులోనూ కలిసిపోయి వినబడదు, ప్రమాదకరమైనది అదే. కనుక చెవి చివరి రెండు డిగ్రీలను సరిదిద్దడానికే, అదీ రన్నింగ్-ఇన్ పూర్తయ్యాక.

ఎవరికి ఏది

ఇంట్లోనే ఇంజిన్ బిగించుకుని మొదటిసారి స్టార్ట్ చేయబోతున్నవారు బల్బుతో మొదలుపెట్టి, క్యామ్ కుదురుకున్న తరువాత అదే రోజు స్ట్రోబ్‌తో 3000 చుట్ల దాకా సరిచూసుకోవాలి. ఈ రెండింటిలో రోజుకు ఒకటే కుదిరితే మొదటి రోజుకు బల్బు, రెండవ రోజుకు స్ట్రోబ్.

మెకానిక్ చేతికి అప్పగించినవారు ఉస్తాద్ పద్ధతిని తప్పు పట్టనక్కరలేదు. "టీడీసీ సరిచూశారా, 3000 దగ్గర ఎన్ని డిగ్రీలు వస్తోంది?" అని గౌరవంగా అడిగి, ఆ రెండు అంకెలు రాయించుకుంటే చాలు. నిజంగా పని తెలిసినవారు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించినవారికి బల్బు పద్ధతి చాలా యూనిట్లలో పనిచేయదు. రోటర్‌ను మొదటి ప్లగ్ వైరుకు ఎదురుగా తెచ్చి అంచనాగా స్టార్ట్ చేసి, వెంటనే స్ట్రోబ్‌కు మారాలి. ఇలాంటివారు పాత పాయింట్ల ప్లేటును పారేయకుండా, మొదటి స్టార్ట్ వరకు దానితోనే నడిపి ఆ తరువాత యూనిట్ వేయించుకుంటే మరింత నిశ్చింతగా ఉంటుంది. 1960ల నాటి బ్రిటిష్ బండ్లలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది, యూనిట్ కొనేముందు అది చూసుకోవాలి.

రోజూ ట్రాఫిక్‌లో నడిపేవారు, నలుగురిని ఎక్కించుకుని ఏసీతో వేసవిలో తిరిగేవారు మొత్తం అడ్వాన్స్‌ను ఒకటి రెండు డిగ్రీలు తక్కువగానే ఉంచుకోవడం మంచిది, కొంచెం పికప్ తగ్గినా పిస్టన్ క్షేమంగా ఉంటుంది. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే మాత్రం మంట ఎగ్జాస్ట్ వైపు జరిగి, ఇంజిన్ వేడెక్కి, వాల్వులు కాలడం మొదలవుతుంది. ఆదివారం ఉదయం చల్లటి వేళ మాత్రమే బండి బయటికి తీసేవారు మాన్యువల్ అంకె దగ్గరే ఉండవచ్చు.

ఏ పద్ధతితో పెట్టినా, మొదటి 500 కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడండి. కొత్త పాయింట్ల మడమ డిస్ట్రిబ్యూటర్‌లోని క్యామ్ మీద అరిగి కుదురుకునేటప్పుడు గ్యాప్ తగ్గి టైమింగ్ దానంతట అదే వెనక్కు జరుగుతుంది. ముందు గ్యాప్, తరువాత బల్బు, ఆపై స్ట్రోబ్, అదే వరుసలో. ట్యాపెట్లు సరిచూసుకునే రోజునే ఈ పని కూడా పెట్టుకుంటే బానెట్ ఒక్కసారి ఎత్తితే సరిపోతుంది.